తాగుడు మానాలనుకునేవాడికి మన మందిరంలో ఒక గది



ఈసారి సంపాదకీయం నా తప్పుతోనే మొదలుపెట్టాలి. నాలుగేళ్ల కిందట డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా సంఘంలోని ఒక సహోదరుణ్ని ముందుకు పిలిచాను. అతను తాగుడు మానేసి అప్పటికి నలభై రోజులు. మైకు చేతికిచ్చి, దేవుడు చేసిన మేలు సంఘానికి చెప్పమన్నాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను వినలేదు. రెండు మాటలు చెప్పాడు. మందిరమంతా చప్పట్లు. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పిల్లలిద్దరూ నాన్న వైపే చూస్తూ కూర్చున్నారు.

సంక్రాంతి వెళ్లేలోపు మళ్లీ తాగాడు. "అయ్యగారూ, మా ఆయన మళ్లీ మొదలెట్టాడండి. ఈసారి సిగ్గుకొద్దీ ఇంకా ఎక్కువ తాగుతున్నాడు" అని ఆమే వచ్చి చెప్పింది. అప్పుడు నేను రెండో తప్పు చేశాను. పెద్దలు కూర్చుని మాట్లాడి, అతన్ని మూడు నెలలు ప్రభువు బల్లకి దూరంగా ఉంచుదామన్నారు. నేను తల ఊపాను. పాటల బృందంలో నుంచి కూడా తప్పించాం. క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాం. అతను మందిరానికి రావడం మానేశాడు. నిజం చెప్పాలంటే, కొన్నాళ్లకి నేనూ వాళ్ల వీధి వైపు వెళ్లడం తగ్గించాను.

ఏడాదిన్నర తరవాత బస్టాపులో కనిపించాడు. ముఖంలో ఉబ్బు లేదు, చేతిలో వణుకు లేదు. ఎక్కడికి వెళుతున్నావని అడిగితే, "మీటింగుకి అయ్యగారూ. ప్రతి వారం వెళతాను. ఈ నెలాఖరుది ఓపెన్ మీటింగు, తాగనివాళ్లు కూడా రావచ్చు. మీరు ఒకసారి రండి" అన్నాడు. అతని మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఇదంతా అతను ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నెలాఖరున వెళ్లాను. ఒక బడిలో కింది గది. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి తగిలించిన గుడ్డ మీద పన్నెండు మెట్లు, మూలన టీ ఫ్లాస్కు, బిస్కెట్ ప్యాకెట్లు. కూర్చున్నవాళ్లలో ఒక ఆటో డ్రైవరు, ఒక బ్యాంకు ఉద్యోగి, మున్సిపాలిటీలో చెత్త బండి తోలే ఒకాయన, ఇంజనీరింగు పూర్తి చేసిన ఒక కుర్రాడు. ఒక్కొక్కరూ పేరు చెప్పి, తాను తాగుబోతునని చెప్పి, తన సంగతి మాట్లాడారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాలేదు. సలహా ఇవ్వలేదు. వాక్యం చూపించలేదు. గంటన్నర అయ్యాక ఒక డబ్బా తిప్పారు, తలా పది ఇరవై వేశారు. నన్ను వెయ్యనివ్వలేదు. బయటివాళ్ల డబ్బు తీసుకోరట.

నాకు మరిచిపోలేనిది మధ్యలో జరిగింది. ఒకతను లేచి, పదకొండు నెలలు ఆగి, నిన్న రాత్రి తాగానని చెప్పాడు. గదిలో ఎవరి ముఖమూ మారలేదు. పక్కనున్న పెద్దాయన "ఇవాళ వచ్చావు కదా" అన్నాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టారు. అంతే. అతన్ని ఏ బాధ్యత నుంచి తప్పించాలో చూడటానికి అక్కడ కమిటీ లేదు. నేను ఆ కుర్చీలో కూర్చుని మా సంఘం పెద్దల సమావేశాన్ని గుర్తుచేసుకున్నాను.

ఈ సహవాసం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు. పేరు బయటపెట్టని తాగుబోతులు అని అర్థం చెప్పుకోవచ్చు. 1935లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్నంలో మొదలైంది. వ్యాపారం పని మీద ఆ ఊరికి వచ్చి, పని చెడిపోయి, హోటల్లో బారు పిలుస్తున్నట్టు అనిపించిన బిల్ విల్సన్ అనే మనిషి, తనలాంటి ఇంకో తాగుబోతు ఎవరైనా దొరికితే మాట్లాడి నిలబడదామని, ఊళ్లో ఒక పాదిరికి ఫోన్ చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. ఒకడు ఇంకొకడికి బోధ చేయలేదు. తన గతి తాను చెప్పుకున్నాడు. డాక్టర్ బాబ్ ఆఖరుసారి తాగిన ఆ జూన్ నెల రోజునే ఈ సహవాసం తన పుట్టినరోజుగా లెక్కవేసుకుంటుంది.

మన విశ్వాసుల్లో కొందరికి ఒక అనుమానం ఉంది. అక్కడ యేసు పేరు చెప్పరట, ఎవరికి తోచిన దేవుణ్ని వాళ్లు తలచుకోమంటారట, మనం వెళ్లొచ్చా అని. చరిత్ర తెలిస్తే ఈ అనుమానం కొంత తగ్గుతుంది. ఏఏ మొదట పెరిగింది ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసం నీడలో. తన పాపం ఒప్పుకోవడం, నష్టపరిచినవాళ్ల దగ్గరికి వెళ్లి సరిచేసుకోవడం, దేవుడికి తన్ను అప్పగించుకోవడం లాంటి మెట్లు అక్కడి నుంచి వచ్చినవే. న్యూయార్క్‌లో శామ్యూల్ షూమేకర్ అనే పాదిరి దగ్గర ఇవి నేర్చుకున్నానని బిల్ విల్సన్ తానే చెప్పుకున్నాడు. ఏక్రన్‌లో తొలి సభ్యులు ఎక్కువగా చదివినవాటిలో యాకోబు పత్రిక ఒకటి. ఒకరి తప్పులు ఒకరితో ఒప్పుకొని ఒకరి కోసం ఒకరు ప్రార్థించండని అయిదో అధ్యాయంలో ఉన్న మాట మనం ఎన్నిసార్లు ప్రసంగించలేదు? ప్రసంగించినంత సులువు కాదు కూర్చుని వినడం. ఇంకో సంగతి. తాగుబోతుల్ని చేర్చుకోవడానికి ఆస్పత్రులు ఇష్టపడని కాలంలో, 1939లో, అదే ఊళ్లో సెయింట్ థామస్ ఆస్పత్రిలో వాళ్లకి మంచాలు ఇప్పించింది సిస్టర్ ఇగ్నేషియా అనే కన్యాస్త్రీ.

తరవాత ఏఏ ఏ మతానికీ చెందనని తేల్చి చెప్పింది. హిందువు, ముస్లిం, దేవుడు లేడనేవాడు కూడా వచ్చి కూర్చోవాలంటే అదే మేలు. సభ్యత్వానికి కావలసింది ఒక్కటే, తాగుడు మానాలనే కోరిక. పూర్తిగా మానేసి ఉండాలని కాదు, కోరిక ఉంటే చాలు. మన దేశంలో ఈ కూడికలు 1957 నుంచి నడుస్తున్నాయి. ఇవాళ చాలా పట్నాల్లో ఇవి జరిగేది చర్చి ఆవరణల్లో, చర్చి బడుల గదుల్లోనే. విడ్డూరం ఏమిటంటే, ఆ గది పక్కనే ఉన్న మందిరంలో ఆదివారం కూర్చునే చాలామందికి గురువారం సాయంత్రం అక్కడ లైటు ఎందుకు వెలుగుతుందో తెలియదు.

ఎంతమందికి ఇది అవసరం? 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ, ఎయిమ్స్ కలిసి బయటపెట్టిన జాతీయ సర్వే లెక్క ప్రకారం దేశంలో తాగుడు వల్ల సమస్యలో పడి సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్ల మంది. తాగుడుకి బానిసైనవాళ్లలో ఏదో ఒక రకం చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికి. మిగతా ముప్పై ఏడుగురు ఎక్కడున్నారు? కొందరు మన మందిరంలో వెనక బెంచీ మీద, కొందరు గేటు బయట, చాలామంది ఇంట్లో.

అయితే కూడిక ఎక్కడుందో వెతుక్కునే ముందు ఒక హెచ్చరిక. ఇది ప్రతి పాస్టరు గుర్తుపెట్టుకోవాల్సింది. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఉన్నట్టుండి ఆపేస్తే శరీరం తిరగబడుతుంది. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది. దీనికి చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. మనవాళ్లు దీన్ని చూసి దయ్యం పట్టిందంటారు, మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడతారు. అన్నం లేకుండా, మందులు లేకుండా. నేను ప్రార్థనకి వ్యతిరేకిని కాను. ఆ మూడు రోజులు అతను ఆస్పత్రి మంచం మీద ఉండాలి, మనం ఆ మంచం పక్కన ప్రార్థించాలి. ప్రార్థన పేరు చెప్పి గొలుసుతో కట్టేసే చోట్లకి అసలు తీసుకెళ్లకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఏ రోగినీ గొలుసులతో కట్టకూడదని స్పష్టంగా చెబుతోంది. తాగుడు వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం పరిధిలోకే వస్తాయి.

రెండో హెచ్చరిక ఇంట్లో ఆడవాళ్లకి. "కూరలో కలిపిపెట్టండమ్మా, మానేస్తాడు" అని ఒక పొడి అమ్ముతుంటారు. అలాంటి పొట్లాల్లో ఏముంటుందో మనకి తెలియదు. కొన్నిట్లో డైసల్ఫిరామ్ అనే మందు ఉంటుంది. అది డాక్టరు రాసి, తాగేవాడికి చెప్పి, అతను ఒప్పుకున్నాక వాడే మందు. తెలియకుండా మింగి పైన క్వార్టరు తాగితే గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం. గుండె జబ్బు ఉన్నవాడైతే ఇంకా ప్రమాదం. అలా చేసిన అక్కల మీద నాకు కోపం లేదు. గతిలేక చేస్తారు. కానీ చేయకండి.

ఇక కూడిక దొరకడం సంగతి. మొదట 14446కి ఫోన్ చేయండి. మత్తు అలవాట్లకి సంబంధించి ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు ఇది. మీ జిల్లాలో చికిత్స ఎక్కడ దొరుకుతుందో అక్కడ అడగొచ్చు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 14416, టెలి మానస్ ఉంది. అందులో భాష ఎంచుకోవచ్చు. ఏఏ ఇండియా వాళ్ల వెబ్‌సైట్‌లో ఊరివారీగా కూడికల జాబితా ఉంటుంది. అన్నిటికంటే నమ్మకమైన దారి ఏమిటంటే, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లి అక్కడి సోషల్ వర్కర్‌ని అడగడం. ఏ కూడిక నడుస్తోంది, ఏది మూతపడింది వాళ్లకి తెలిసి ఉంటుంది. బెంగళూరులో నిమ్హాన్స్‌కి మత్తు వ్యసనాల చికిత్స కేంద్రమే వేరుగా ఉంది. చెన్నైలో శాంతి రంగనాథన్ గారు 1980లో మొదలుపెట్టిన టీటీకే ఆస్పత్రి ఉంది. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న మనిషి ఆమె. పుణెలో అనితా అవచట్, అనిల్ అవచట్ దంపతులు 1986లో స్థాపించిన ముక్తాంగణ్ ఉంది. యానాం వాళ్లకి పాలన పుదుచ్చేరిదైనా పెద్దాస్పత్రి అంటే పక్కనున్న కాకినాడే.

జాబితాలో ఉన్న నంబరుకి ముందు ఫోన్ చేసి మాట్లాడాకే వెళ్లండి. రోజు మారి ఉండొచ్చు, గది మారి ఉండొచ్చు. ధైర్యం కూడగట్టుకుని రెండు బస్సులు మారి వెళ్లినవాడికి గదికి తాళం కనిపిస్తే, తిరిగి వచ్చే దారిలో వైన్ షాపు తెరిచే ఉంటుంది. ఫోన్లో మూడు అడగండి. ఓపెనా క్లోజ్‌డా, ఏ భాషలో, లోపలికి దారి ఎటు నుంచి. ఓపెన్ అంటే ఎవరైనా రావచ్చు. క్లోజ్‌డ్ అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకి మాత్రమే, భార్య అయినా పాస్టరైనా బయటే ఉండాలి. దారి ఎందుకు అడగాలంటే, మొదటిసారి వెళ్లేవాడు గేటు దగ్గర వాచ్‌మన్‌ని "తాగుబోతుల మీటింగు ఎక్కడ" అని అడగలేడు. వెనక్కి తిరిగిపోతాడు.

వెళ్లినరోజు మాట్లాడక్కర్లేదు. పేరు చెప్పి కూర్చుని వింటే చాలు. పూర్తి పేరు అక్కర్లేదు, ఇంటిపేరు అసలే వద్దు. ఇంటిపేరు చెబితే ఊరూ కులమూ ఆరా తీసే అలవాటు మన దేశంలో ఉంది కదా, ఆ గదిలో అది లేకపోవడం నాకు బాగా నచ్చింది. ఫీజు లేదు, రిజిస్టరు లేదు. ఒక కూడిక నచ్చకపోతే ఇంకొకటి చూడండి. ఒక్కసారి వెళ్లి "నాకు పడలేదు" అనకండి. మాలాంటి పాస్టర్ల ప్రసంగాలు ఏళ్ల తరబడి భరించారు, దానికీ నాలుగైదు వారాలు ఇవ్వండి. కొన్నాళ్లకి మీ కంటే ముందు మానినవాడు ఒకడు తోడుగా దొరుకుతాడు, స్పాన్సర్ అంటారు. రాత్రి పదకొండింటికి తాగాలనిపిస్తే అతనికి ఫోన్ చేయాలి. మా సహోదరుడు చెప్పిన మాట ఇది: "అయ్యగారూ, ఆ టైములో మీకు చేస్తే ప్రార్థన చేసేవారు. ఆయన బండి వేసుకుని వచ్చాడు."

ఈ కూడికలు అందరికీ పనిచేస్తాయని నేను చెప్పను. కొన్ని చోట్ల నడిపేవాళ్లు సరిగా ఉండరు, కొన్ని చోట్ల మగవాళ్లే కిక్కిరిసి ఉంటారు, ఆడమనిషి వెళ్లలేదు. డాక్టరు ఇచ్చే మందులు మానేయమనే తెలివితక్కువవాళ్లు కూడా అక్కడక్కడా ఉంటారు, వాళ్ల మాట వినకండి. అయినా, 2020లో కాక్రేన్ సంస్థ వేల మంది మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఏఏ బాట ఇతర పద్ధతులకి తీసిపోదనీ, తరచూ వాటికంటే మెరుగేననీ తేల్చింది. పైసా ఖర్చులేని దానికి అది చిన్న మాట కాదు.

ఇప్పుడు మన సంగతి, అంటే తెలుగు రాష్ట్రాల బయట తరాలుగా స్థిరపడ్డ మన సంగతి.

మా సహోదరుడు మొదట వెళ్లిన కూడిక కన్నడంలో, కొంత ఇంగ్లీషులో జరిగేది. అతనికి కన్నడం బాగా వచ్చు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. బేరమాడగలడు, పోట్లాడగలడు, ఆఫీసులో అర్జీ పెట్టగలడు. కానీ తన చిన్న కూతురు తనను చూసి మంచం కింద దాక్కున్న రాత్రి గురించి కన్నడంలో చెప్పలేకపోయాడు. మూడు నెలలు వెళ్లి ఊరికే కూర్చున్నాడు. ఒకరోజు ఆపుకోలేక తెలుగులో మాట్లాడేశాడు. సగం మందికి అర్థం కాలేదు. అందరూ విన్నారు. ఆ రోజు నుంచే తాను నిలబడ్డానని అంటాడు.

కోలారు బంగారు గనుల్లో తరాలుగా బతికి, 2001లో గనులు మూతపడ్డాక రోజూ రైలెక్కి బెంగళూరుకి కూలికి వచ్చే కుటుంబాలు మనకి తెలుసు. బెంగళూరులో, చెన్నైలో తెల్లారకముందే వీధులు ఊడ్చేవాళ్లలో తెలుగు దళితులు ఎంతమందో మనకి తెలుసు. సోలాపూర్, భివండీ మగ్గాల దగ్గర, ముంబయి కామాఠీపురలో, బరంపురం, రాయగడలో మన ఇళ్లున్నాయి. ఇక్కడ తాగుడు సరదా కాదు. మురుగు గుంటలోకి మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది, అయినా దించుతూనే ఉన్నారు. దిగేవాడు తాగకుండా దిగలేనంటాడు. ఆ వాసన మీరూ నేనూ పీల్చలేదు. అతనికి పులుపిట మీంచి మొదటి కొరింథీ ఆరో అధ్యాయం చదివి, తాగుబోతులు దేవుని రాజ్యానికి వారసులు కారని చెప్పి పంపడం సులువు. గుంటలోకి దించినవాడి గురించి ప్రసంగించడం కష్టం.

ప్రభుత్వాల సంగతి చెప్పక్కర్లేదు. తమిళనాడులో 2003 నుంచి చిల్లర మద్యం అమ్మేదే ప్రభుత్వ సంస్థ టాస్మాక్. కర్ణాటకలో 2007లో సారా ఆపితే, కూలివాళ్లు ఖరీదు ఎక్కువున్న సీసాలోకి మారారు. యానాంలో పన్ను తక్కువ కాబట్టి గోదావరి జిల్లాల నుంచి మందు కోసమే వచ్చేవాళ్లుంటారు. ఊరి పేరు చెప్పగానే జనం నవ్వే స్థితి. అక్కడ పుట్టి పెరిగే పిల్లల మీద ఆ నవ్వు ఎలా పడుతుందో ఆలోచించామా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చదువుకునే తరగతుల్లోంచి లేచి సారా పాటల్ని అడ్డుకున్నారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ తల్లుల పోరాటాన్ని నేను చిన్నచూపు చూడను, మళ్లీ అలాంటిది రావాలి. కానీ షాపు మూయించడం ఒక పని, ఇప్పటికే బానిసైన మనిషికి చెయ్యి అందించడం ఇంకో పని. మొదటిదాని కోసం ఎదురుచూస్తూ రెండోదాన్ని వదిలేశాం.

ఆ తల్లుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తాగేవాడి భార్యకి, తల్లికి, పిల్లలకి కూడా వేరే సహవాసం ఉంది. అల్-అనాన్ అంటారు. బిల్ విల్సన్ భార్య లోయిస్, ఇంకొక స్నేహితురాలు కలిసి 1951లో దానికి రూపమిచ్చారు. అక్కడ భర్తను మాన్పించడం ఎలాగో నేర్పరు. అతను మానినా మానకపోయినా తాను ఎలా బతకాలో మాట్లాడుకుంటారు. మన స్త్రీల సమాజాల్లో "ప్రార్థించమ్మా, ఓపిక పట్టమ్మా" అనే మాట ఒక్కటే విని విని అలసిపోయిన అక్కలకి ఇది చెప్పండి. దెబ్బలు తినే చోట ఓపిక పట్టమని మాత్రం చెప్పకండి. అక్కడ 181 మహిళా హెల్ప్‌లైన్ ముందు, మిగతావి తరవాత. తాగే ఆడవాళ్లూ మన మధ్య ఉన్నారు. వాళ్ల గురించి మాట్లాడటానికి మనకి మాటలే లేవు, అందుకే వాళ్లు ఎక్కడికీ రాలేకపోతున్నారు.

యవ్వనస్థులకి ఒక మాట. మీ స్నేహితుడు శని ఆదివారాలు మాత్రమే తాగుతానంటాడు. సోమవారం ఉదయం చెయ్యి వణకడం మీరే ముందు గమనిస్తారు, పాస్టరు కాదు, తల్లి కాదు. అప్పుడు మీమ్ పంపకండి. మొదటి కూడికకి అతనితో పాటు బస్సెక్కి, బయట గంటన్నర కూర్చోండి.

సంఘాలు ఏం చేయాలన్నదానికి నా దగ్గర పెద్ద ప్రణాళిక లేదు. ఒక గది, వారానికి ఒక సాయంత్రం, ఒక టీ ఫ్లాస్కు. తాగుడు మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కూడితే అదే ఒక గుంపు అని ఏఏ సంప్రదాయం ఒప్పుకుంటుంది. ఇద్దరు ముగ్గురు అనే లెక్క మనకి మత్తయి సువార్తలో బాగా తెలిసినదే. గది ఇచ్చాక మనం చేయాల్సింది ఎక్కువగా చేయకుండా ఉండటమే. అందులో ప్రసంగం పెట్టకూడదు. కరపత్రాలు పంచకూడదు. ఎవరు వచ్చారో తలుపు సందులోంచి చూడకూడదు. ప్రార్థన మనవుల్లో పేరు చదవకూడదు. వాళ్లు అద్దె ఇస్తామంటారు, ఎవరి దయ మీదా నడవకూడదనేది వాళ్ల నియమం. కొద్ది మొత్తమే అనుకుని తీసుకోండి. "వద్దులే, దేవుని పని" అని గొప్పకు పోకండి. ఏడాదికోసారి యువజన కూటంలో ఫోటో తీసి పెట్టుకుందామనే ఆలోచన కూడా రానివ్వకండి.

బల్ల విషయం ఒకటి ఉంది. మన బాప్టిస్టు, మెథడిస్టు సంఘాల్లో పులియని ద్రాక్షరసమే వాడతారు. ఆ రసాన్ని పులవకుండా నిలవ చేయడం 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు పళ్ల డాక్టరు కనిపెట్టింది కూడా బల్ల కోసమే. వైన్ వాడే సంఘాల పెద్దలు, కనీసం ఒక గిన్నె వేరుగా పెట్టగలరేమో ఆలోచించండి. మానేసిన మనిషికి ఆ గుక్క చిన్నది కాదు.

మా మందిరం వెనక, సండే స్కూల్ బొమ్మలు అతికించిన గదిలో, రెండేళ్లుగా తెలుగులో కూడిక జరుగుతోంది. మొదలుపెట్టింది మా సహోదరుడూ, ఇంకొకాయనా. పెద్దల్లో ఒకరు "తాగుబోతులు మందిరంలోకి వస్తే పిల్లలు చెడిపోతారు" అన్నారు. వాళ్లు ఆదివారాలు ఎలాగూ వస్తున్నారని నేనన్నాను. మొదటి నెల ఇద్దరే. ఒక వారం వాన పడి ఆ రెండో ఆయన రాలేదు. మా సహోదరుడు ఒక్కడే లైటు వేసుకుని, కుర్చీలు వేసి, గంటన్నర కూర్చుని, కుర్చీలు తీసి వెళ్లాడు. ఎందుకని అడిగితే, "ఎవరైనా వచ్చి చూస్తే చీకటిగా ఉండకూడదు కదా అయ్యగారూ" అన్నాడు. ఇప్పుడు ఎంతమంది వస్తున్నారో నాకు తెలియదు. అడగలేదు. టీ పొడి మాత్రం నెలకి రెండు ప్యాకెట్లు అవుతోందని మా వాచ్‌మన్ చెప్పాడు.

ఆ సహోదరుడు తిరిగి ఆదివారం ఆరాధనకి వస్తున్నాడు. ఈసారి డిసెంబరు 31న సాక్ష్యం చెప్పమని అతన్ని ఎవరూ అడగలేదు. ప్రభువు బల్ల దగ్గర, నేను అతనికి క్షమాపణ చెప్పాను, మైకు లేకుండా.

మీ ఊళ్లో, హోసూరులో గానీ బళ్లారిలో గానీ జయపురంలో గానీ, తెలుగులో ఇలాంటి కూడిక నడుస్తుంటే మాకు రాయండి. రోజు, సమయం, లోపలికి దారి ఎటు నుంచో రాయండి. మనుషుల పేర్లు వద్దు. వచ్చే సంచికలో వేస్తాం.